మైల నాటి ముగ్గు

మా మేడమీద గదిలో అద్దెకుంటున్న సునయన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, మొదట్లో "ఏదో కంప్యూటరు పని" అని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు సరిగ్గానే చెబుతున్నాను. మనుషులకు కష్టంగా ఉన్నదాన్ని సులువు చేయడం ఆ పిల్ల పని. వినడానికి ఎంత బావుందో చూడండి. ఆ సులువు వల్లే మా తోడికోడలు అమ్ములక్క ప్రాణం మీదికి వచ్చింది.

నా పేరు పంకజం. పెరంబూరులో రైలుపెట్టెల కార్ఖానాకు దగ్గర్లో మా ఇల్లు. మా ఆయన ఆ కార్ఖానాలోనే పనిచేసి, ఆ పెన్షను నాకు మిగిల్చి పోయాడు. నేను తెలుగు బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. మా వాళ్ళు ఈ ఊరికి వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నోరు తెరిస్తే సగం అరవం వస్తుంది, కలం పట్టుకుంటే మాత్రం బడి తెలుగు వస్తుంది. నా రాత చూసి నన్ను నెమ్మదస్తురాలినని మోసపోకండి.

సునయనది కాకినాడ. వాళ్ళ నాన్నకు అక్కడ సైకిళ్ళ రిపేరు దుకాణం. పిల్ల చదువుకుని ఈ ఊళ్ళో ఓ పెద్ద కంపెనీలో చేరింది, కొన్నాళ్ళకు అది నచ్చక మానేసింది. గది చూడ్డానికి వచ్చిన రోజు అద్దె ఎంతని అడగలేదు. మెట్ల కింద స్విచ్చి బోర్డు ముందు నిలబడిపోయింది.

"ఆంటీ, వీటిలో మెట్ల లైటు ఏదో కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?"

"నొక్కి చూస్తే తెలస్తాది."

"నొక్కితే ఫ్యాను తిరిగిందనుకోండి, తప్పు తమదే అనుకుంటారండీ పాపం. తప్పు బోర్డుది కదా."

ఓహో, ఇదేదో తేడా మనిషే అనుకున్నాను. వారం తిరక్కుండా ఆ స్విచ్చి మీద బల్బు బొమ్మ ఒకటి అతికించింది. ఇన్నేళ్ళుగా చీకట్లో తడుముకున్న నేను ఆ రోజు నుంచి తడుముకోలేదు. ఒప్పుకోవాలి కదా.

ఆమె పనిచేసేదాని పేరు తిన్నె, అంటే వీధి అరుగు. మనమందరం పొద్దస్తమానం ఫోనుల్లో చూసే వాటిని ఒక్కోదాన్ని ఒక్కో పెద్ద కంపెనీ నడుపుతుంది. మన మాటలూ ఫొటోలూ వాళ్ళ దగ్గరే ఉంటాయి, వాళ్ళ ఇష్టం. తిన్నెకు అలా యజమాని లేడు. ఎవరింటి మాటలు వాళ్ళింట్లోనే, చిన్న సబ్బుపెట్టె అంత పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎక్కడెక్కడో ఉన్న కొందరు పిల్లలు కలిసి తయారుచేశారు. చేశారు గానీ, వాళ్ళు తప్ప ఇంకెవరూ వాడలేకపోయారు. ఆ చిక్కు విప్పే పని సునయనది. విప్పడానికి దొరికిన మనిషిని నేను.

దాని పద్ధతి వినండి. పలకంత తెర ఒకటి నా చేతికిచ్చి, వెనకాల చేతులు కట్టుకుని కూర్చునేది. ఏం నొక్కాలో చచ్చినా చెప్పదు. నేను ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒకే ప్రశ్న అడిగేది: "ఇది చూసి మీరేమనుకున్నారండీ?" మొట్టమొదట తెరమీద 'మీ సర్వరు ఎంచుకోండి' అని వచ్చింది.

"ఏందమ్మాయీ ఇది? నేను మాట్లాడేదానికి వచ్చినా. ఎంచుకునేదానికి ఇదేమన్నా హోటలా?"

ఆమె నవ్వలేదు. మర్నాటికి సర్వరు పోయి 'ఇల్లు' వచ్చింది. ఎకౌంటు పోయి 'గడప' వచ్చింది. పేరు పెట్టుకోమన్నచోట, నాలాగే ఆమె కూర్చోబెట్టి చూసిన ముసలివాళ్ళంతా విసుక్కున్నారు, ఇంగ్లీషులోనా తెలుగులోనా, మధ్యలో చోటు విడవాలా వద్దా అని. సరే, పేరు లేకపోయినా పరవాలేదని అదీ తీసేసింది.

ఎవరు మేలుకుని ఉన్నారో తెలియడానికి ముందు అక్కడ పచ్చచుక్క ఉండేది. "ఏదో మరక అనుకున్నా" అని చెప్పాను.

"మరి మీ వీధిలో ఎవరు లేచారో మీకెలా తెలుస్తుందండీ?"

"వాకిట్లో ముగ్గు పడితే లేచినట్టు. పడలేదంటే ఊరికి పోయినట్టు. లేదంటే చావు."

అంతే, మర్నాటి నుంచి తిన్నెలో ప్రతి గడపకూ కింద కాస్త జాగా వచ్చింది. పొద్దున్నే లేచి వేలితో అక్కడ ముగ్గు వేస్తే, మనవాళ్ళందరికీ కనిపిస్తుంది. వేస్తున్నప్పుడే, గీత గీతగా, అప్పటికప్పుడే. తప్పుపోతే అరచేత్తో తుడిచేయొచ్చు. "మరి మైల వస్తే?" అన్నాను. దానికీ ఏర్పాటు చేసింది. బంధువుల్లో చావు కబురు వస్తే గడప మీదే 'ముగ్గు ఆపాలా?' అని అడుగుతుంది. కింద 'ఆపు' అని ఉంటుంది. ఒక్కసారి తాకితే చాలు, మైల తీరేదాకా గడప బోడిగా ఉంటుంది. ఇదంతా నా వల్లే కదా అని నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది.

తిన్నెను మా వాళ్ళందరికీ అంటగట్టింది నేనే. చిత్తూరు, తిరుత్తణి, విల్లివాక్కం, ఎక్కడెక్కడి పంగాళీలకూ, అంటే ఒకే వంశం ఇళ్ళకు, సునయన పెట్టెలు పంపించింది. అమ్ములక్కకు మాత్రం స్వయంగా వెళ్ళి పెట్టించి వచ్చింది. నేను వెళ్ళలేదు. అప్పటికి మాకు మాటల్లేవు.

ఎందుకు లేవంటే, తేరు ముగ్గు దగ్గర. మా అత్తగారు రథసప్తమికి వేసే తేరుకు రెండే చక్రాలు. నా కళ్ళతో నేను చూశాను. అమ్ములక్క నాలుగంటుంది. ఓ పెళ్ళిలో పదిమంది ముందు, "దీనికి అత్త చెయ్యి యాడ తెలస్తాది, నా తరువాతే గదా వచ్చింది" అనేసింది. నేను ఊరుకుంటానా? నేనూ అనవలసినవి అన్నాను. ఆ తరువాత ఫోను చేస్తే ఆమె చేయాలి, నేనెందుకు చేస్తాను?

ఆమెకు పిల్లల్లేరు. పెదబావగారు పోయాక తొండియార్‌పేటలో ఆ చిన్న ఇంట్లో ఒక్కత్తే ఉంటోంది. మోకాళ్ళు పోయి వీధి వాకిట్లో వంగి ముగ్గు వేయడం మానుకుంది. అందుకే సునయన తెరను లోపలి గడప పక్కన గోడకు, బాగా కిందికి బిగించింది, పీట మీద కూర్చుని వేసుకోవడానికి వీలుగా. పైభాగంలో మాట్లాడే గుండీ, అడుగున ముగ్గు జాగా. అమ్ములక్క మొదటిరోజే నాలుగు చక్రాల తేరు వేసింది. నన్ను ఉడికించడానికే. నేను రెండు చక్రాల తేరు వేసి జవాబిచ్చాను. ఆ తరువాత మా మధ్య రోజూ జరిగింది అదొక్కటే. పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు ఫోను తెరిచి ఆమె గడప చూసేదాన్ని. ముగ్గు ఉంటే, సరే, ముసల్ది బానే ఉంది, నాకేం అనుకునేదాన్ని.

మొన్నటి కార్తీకమాసంలో ఓ పొద్దున ఆమె గడప చూస్తే ఏదో తేడా అనిపించింది. చుక్కలు సరిగ్గానే ఉన్నాయి. మెలికలూ ఆమెవే. అడుగున ఓ మూల మాత్రం అరచెయ్యి పెట్టి తుడిచినట్టు తెల్లని మసక. నేను చూస్తుండగానే ఆ మసక మీద గీత మళ్ళీ పడింది. పడీపడగానే మళ్ళీ చెరిగింది. మళ్ళీ పడింది. చెయ్యి వణికి సరిచేసుకుంటోంది కాబోలు, నాలుగు చక్రాలు వేసేదానికి అంతే కావాలి అని నవ్వుకున్నాను.

మర్నాడు కూడా అంతే. ఈసారి ఇంకొకటి గమనించాను. మనిషి ముగ్గు వేస్తే చుక్క దగ్గర కాస్త ఆగుతుంది, చూసుకుంటుంది, అప్పుడు వేలు తిప్పుతుంది. ఆ గీత ఆగడం లేదు. చెరిగిన చోటల్లా, చెరిగిన మరుక్షణం, అదే వేగంతో, అదే నిదానంతో పూడ్చుకుంటూ పోతోంది. చెరిపేది మాత్రం రాను రాను మెల్లగా చెరుపుతోంది. ఒకే గడపలో రెండు చేతులున్నట్టు అనిపించింది. ఫోను బోర్లా పెట్టి కాఫీ కలుపుకోవడానికి లేచిపోయాను.

ఆ మధ్యాహ్నం చిత్తూరులో మా మరిది వరస కామేశం పోయాడని తిన్నెలో కబురు వచ్చింది. గుండె పట్టేసిందట. మంచివాడు, పాపం. అందరం పంగాళీలమే కాబట్టి అందరికీ మైల, మా మాటలో తీటు. నా గడప మీద ప్రశ్న వచ్చింది, నేను 'ఆపు' తాకాను.

మర్నాడు పొద్దున తెరిచి చూస్తే మా వాళ్ళ గడపలన్నీ వరసగా బోడిగా ఉన్నాయి. తిరుత్తణి బోడి. విల్లివాక్కం బోడి. చిత్తూరు ఇళ్ళన్నీ బోడి. వాటి మధ్యలో అమ్ములక్క గడప మీద ఇంత పెద్ద తేరు. మచ్చ లేదు, మసక లేదు. నాలుగు చక్రాలతో నిగనిగలాడుతూ ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్ములక్క ఎలాంటి మనిషనుకున్నారు? పాలు పోసేవాడి అత్తగారు పోయినా తలకు నీళ్ళు పోసుకునే మనిషి. మా ఆయన పోయినప్పుడు నేను తొందరపడి ఒకరోజు ముందు పోపు వేశానని నెలరోజులు సాధించిన మనిషి. ఆ మనిషి మరిది వరస వాడి శవం కాలకముందే తేరు ముగ్గు వేస్తుందా? నామీద కసితో వేస్తుందా?

"సునయనా! కిందికి దిగమ్మాయ్! చూడు మీ తిన్నె సంగతి!" అని మెట్ల కింద నుంచి కేకేశాను. ఆమె పళ్ళు తోముకుంటూనే దిగివచ్చింది. "ఇట్నే పోయి ఆ ముసిల్దాన్ని నాలుగు కడిగేసి వస్తా. సిగ్గుండక్కర్లా? తీటు నాడు ముగ్గు వేసి కూర్చుంటాదా?"

సునయన ఫోను చూసింది. చూస్తూ ఉండగా ఆమె ముఖంలో రంగు మారిపోయింది.

"ఆంటీ," అంది, "ఇది చూసి... ఇది ఆవిడే వేశారని మీరు ఎందుకనుకున్నారండీ?"

"ఆమె గడప, ఆమె ముగ్గు. ఇంకెవురు వేస్తారు?"

"పెట్టె వేస్తుందండీ."

నాకు అర్థం కాలేదు. ఆమె మెట్టు మీద కూలబడి చెప్పింది. పెద్దవాళ్ళు ఒక్కోరోజు ముగ్గు వేయడం మరిచిపోతున్నారట. మరిచిపోతే దూరాన ఉన్నవాళ్ళు కంగారుపడి ఫోన్లు చేస్తున్నారట, వీళ్ళేమో విసుక్కుని తిన్నె తెరవడమే మానేస్తున్నారట. అందుకని ఈ మధ్య మార్చిన దాంట్లో, మనిషి వేయకపోతే పెట్టే వేసేలా చేసింది. ఎవరి ముగ్గులు చూసి వారి చేతివాటం నేర్చుకుంటుంది. ఒకరోజు వేసింది ఇంకోరోజు వేయదు. గడప ఖాళీగా కనబడితే పూడ్చేస్తుంది.

"అందురికీ చెప్పినావా ఈ మాట?"

"మార్పుల కింద ఒక లైను రాశానండీ. ఎవరూ చదవరని నాకు తెలుసండీ. వాళ్ళకి పని తగ్గుతుంది కదా, చదవకపోయినా ఫర్వాలేదనుకున్నాను."

నాకు ఆ మసక గుర్తొచ్చింది. ఆగని గీత గుర్తొచ్చింది.

"అయితే ఆమె చేత్తో వేసింది ఎప్పుడు ఆగింది? చూసి చెప్పు, బిరీన చూడు."

"ఇక్కణ్ణించి చూడలేనండీ." ఆమె ఫోను నా చేతిలో పెట్టేసింది. "పెద్ద కంపెనీ అయితే ఒక్కచోట కూర్చుని అందరివీ చూసేస్తారు. అది వద్దనే కదండీ ఎవరింటిది వాళ్ళింట్లో పెట్టాం. చూడాలంటే ఆ ఇంటికే వెళ్ళాలి."

పంతం పక్కనపెట్టి అమ్ములక్కకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. సునయన కాళ్ళకు చెప్పులు తొడుక్కుని అప్పటికే వీధిలో ఆటో పిలుస్తోంది.

ఆటో సుబ్బన్‌ది, మా వీధివాడే. వ్యాసర్‌పాడి దాటేదాకా బాగానే పోయాడు. కొరుక్కుపేట గేటు దగ్గర గూడ్సు బండికి ఆపేశారు. పెట్టె తరువాత పెట్టె పోతూనే ఉంది. నేను ఉండబట్టలేక ఫోను తెరిచాను. తేరు చుట్టూ తీగలు అల్లుకుంటున్నాయి. ఒక్కో ఆకూ ఒక్కో ఆకూ, తొందర లేకుండా. అమ్ములక్క తీగలే అవి, ఆకు కొస దగ్గర ఆమె వేసే చిన్న కొక్కెంతో సహా. ఆ కొక్కెం నేను ముప్ఫై ఏళ్ళుగా ఎరుగుదును. ఇన్నాళ్ళూ పొద్దున్నే దీన్ని చూసి బానే ఉందిలే అనుకుని కాఫీ తాగాను కదా.

"ఆపెయ్ దాన్ని," అన్నాను సునయనతో.

"నేను ఆపలేనండీ," అంటూ ఏడ్చేసింది.

తొండియార్‌పేటలో ఆమె ఇంటి ముందు దిగేసరికి ఎండ ఎక్కింది. వీధి వాకిట్లో ముగ్గు లేదు, మోకాళ్ళు పోయినప్పటి నుంచీ లేదు కాబట్టి ఆ వీధిలో ఎవరికీ అనుమానం రాలేదు. పక్కింటి మంగ తల దువ్వుకుంటూ బయటికి వచ్చింది.

"ఏం పెద్దమ్మా, నువ్వు ఈడ ఉండావు? అమ్ములక్క మీ ఇంటికి పోయిందనుకుంటా ఉండానే. తలుపేసి ఉంటే, సరే, ఇద్దరూ రాజీ పడినారు, సంతోషం అనుకున్నా."

తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. సుబ్బన్ భుజం పెట్టి తోశాడు. పాత గడియ, రెండో తోపుకే ఊడింది.

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చీకటిగా, ముక్కిపోయిన వాసన. గోడ అడుగున ఆ తెర ఒక్కటే వెలుగుతోంది. దానిమీద తీగలు ఇంకా అల్లుకుంటూనే ఉన్నాయి. ఆ వెలుతురులో, తెర కిందుగా, అమ్ములక్క పక్కకు ఒరిగి పడి ఉంది. పీట బోర్లా పడి ఉంది. ఒక చెయ్యి తెర అంచుకు ఆనించి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో ఆ తేరు కనిపిస్తోంది. అయిపోయిందనుకున్నాను. ఇంక నాతో ఎవరు కొట్లాడతారు అనిపించింది, నిజంగా అదే అనిపించింది.

ఆ కళ్ళు కదిలాయి. నన్ను చూశాయి.

"వచ్చినావా," అంది. గొంతు కాదు, ఉత్త గాలి.

మంగ నీళ్ళు తడిపి పెదాలకు అద్దింది. సుబ్బన్, నేను, సునయన కలిసి దుప్పట్లో ఎత్తి ఆటోలో పెట్టాం. వెళ్తూ వెళ్తూ సునయన వెనక్కి పరుగెత్తి, గోడ దగ్గర పెట్టె వైరు పీకేసింది. ఆ తెర ఆరిపోయింది.

తుంటి విరిగింది. పెద్దాసుపత్రిలో కడ్డీ వేశారు. మాట బాగా వచ్చాక అమ్ములక్క చెప్పింది, మంచం పక్కన నేనూ సునయనా కూర్చుని ఉండగా.

"పొద్దున్నే ముగ్గు వేద్దామని పీట మీద కూర్చోబోయినా. జారింది. లేవబోతే కాలు నాది కాదు. అరిచినా. ఆ వీధిలో బళ్ళ రొదకి ఎవురికి వినపడతాది? ఫోను మంచం మీదే ఉండిపోయింది. పైన మాట్లాడే గుండీ ఉండాది గదా, దానికి చెయ్యి అందలా. అడుగున ముగ్గు కాడికే అందింది. సరే, ముగ్గు లేకపోతే నువ్వు చూస్తావు, ఏమైందోనని అనుకుంటావు, అని అట్నే పడుండినా." ఆమె వేలితో గాల్లో ఒక గీత గీసింది. "అంతలో గీత పడింది పంకజం. నేను వెయ్యలా. నా కళ్ళ ముందరే, నా ముగ్గు, నా మెలిక. ఎవరో కనపడని మనిషి నా పక్కన కూర్చుని వేస్తా ఉన్నట్టుండింది. భయంతో చచ్చినా. చెరిపినా. మళ్ళీ వేసింది. నేను చచ్చిపోతా ఉంటే అది ఊరందురికీ నేను బాగుండానని చెప్తా ఉండాది! చెయ్యి నొప్పి పుట్టేదాకా చెరిపినా. మూలన చెంబులో నీళ్ళుంటే జరుపుకుని నాలుక తడుపుకున్నా, మళ్ళీ చెరిపినా. మర్నాడూ అంతే."

సునయన తల ఎత్తలేదు.

"మరి మూడోనాడు ఏమైంది? ఆ పొద్దు మసక లేదు. తేరు శుభ్రంగా ఉండింది," అన్నాను నేను.

"కామేశం కబురు వచ్చింది గదా. గడప మీద అడిగింది, ముగ్గు ఆపాలా అని. ఆపు అనేది నా చేతి కాడే ఉండింది. నొక్కేదానికి వేలు కూడా పెట్టినా." ఆమె నా వైపు చూసింది. "అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. ముగ్గు లేకపోతే తీటు పాటించిందిలే అని ఊరుకుంటావు. ఉంటేనో? తీటు నాడు ముగ్గుంటే నువ్వు ఊరుకుంటావా? కొట్లాటకి వస్తావు. ఆపు నొక్కలా. చెరిపేది కూడా మానేసినా. వెయ్యనీ, ఎంత పెద్దది వేస్తాదో వెయ్యనీ అని చూస్తా పడుకున్నా. అది తేరు వేసింది. నాలుగు చక్రాలు చూసి నవ్వొచ్చింది. ఇంక నువ్వు రాకుండా ఉండవు అనుకున్నా."

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు, ఆ వార్డంతా తిరిగి చూసేలా ఏడ్చాను. ఏడుస్తూనే, "రెండు చక్రాలే," అన్నాను. "నాలుగు," అంది ఆమె.

సునయన ఆ తరువాత కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. మెట్లమీద కూర్చుని, "నేనే చంపేసేదాన్నండీ" అని అదే మాట. "ఏడిస్తే ఆ గీత ఆగతాదా? పోయి ఆపు పో," అని కసిరాను. వెళ్ళి ఆపింది. కొత్తదాంట్లో పెట్టె ముగ్గు వేయదు. మనిషి వేస్తేనే ముగ్గు, లేకపోతే బోడి గడప. మాట్లాడే గుండీ కూడా కిందికి దించింది.

కానీ ఆ కొత్తదాన్ని ఎవరింట్లో వాళ్ళు ఒప్పుకుని తీసుకోవాలట. బయటి నుంచి ఎవరింటి పెట్టెలోనూ మనం వేలు పెట్టలేమట. "ఎవరూ చొరబడలేకపోవడమే తిన్నె గొప్ప అని నేనే అందరికీ చెప్పానండీ," అంది. అందుకని అన్ని గడపలకూ ఒక కబురు పంపింది: 'మీ ముగ్గును అరచేత్తో ఒకసారి చెరిపి చూడండి. దానంతటదే మళ్ళీ వస్తే మాకు చెప్పండి.' అంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేరు. జనం చెరిపి చూసుకున్నారు. కొందరు భయపడి ఫోన్లు చేశారు. ఒక్కో గడపా బోడిగా మారి, మళ్ళీ మనిషి చేతి వంకరలతో నిండింది.

ఒక్క గడప మిగిలిపోయింది. దానికి పేరు లేదు. పేరు అక్కర్లేదని సునయనే తీసేసింది కదా. ఏ ఊరో తెలియదు. ఎవరో ఎవరినో తిన్నె మీదికి పిలిస్తే, వాళ్ళు ఇంకెవరినో పిలిస్తే, అలా మా దాకా వచ్చిన గడప. రోజూ పొద్దున్నే అక్కడ తామరల ముగ్గు పడుతుంది. ఒకరోజుది ఇంకోరోజు ఉండదు, ఎంత చక్కగా ఉంటుందో చెప్పలేను. నేను రోజూ దానికింద మాట పంపేదాన్ని: 'అమ్మా, మీరెవరో నాకు తెలియదు. ఒక్కసారి చెరిపి చూపించండి.' జవాబు రాలేదు. ఊరికే చూడలేదేమో, ముగ్గు తప్ప ఇంకేదీ తెరవని మనిషేమో అని నాకు నేనే చెప్పుకున్నాను.

అమ్ములక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది, కాలు కుదురుకునేదాకా. కింది గదిలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని పొద్దున్నే గడపలు చూస్తాం, ఎవరి వంకలు వాళ్ళం పెడతాం. ఇవాళ కూడా అలాగే చూస్తున్నాం. ఆ పేరులేని గడపలో తామర ఒక్కో రేకూ విచ్చుకుంటోంది. నేను కాఫీ తేవడానికి లేవబోతుంటే అమ్ములక్క నా చీర కొంగు పట్టుకుంది.

ముగ్గు అడుగున ఓ మూల తెల్లని మసక. రేకు మళ్ళీ పడింది. మళ్ళీ చెరిగింది.

"నేను చెప్పినట్టు చెరిపి చూస్తా ఉండారేమో," అన్నాను, నా మాట నాకే నమ్మకం లేకుండా.

"చూసేదానికయితే ఒకసారి చెరపతారు," అంది అమ్ములక్క. ఆమె వేళ్ళు నా కొంగును వదల్లేదు. "కింది మూలనే చెరపతా ఉండారు చూడు. పైకి చెయ్యి అందలా."

నేను కేక వేశాను. సునయన దిగివచ్చి, చూసి, నిలబడే ఫోనులో రాయడం మొదలుపెట్టింది. ఆ గడప మా దాకా ఏ ఇంటి ద్వారా వచ్చిందో ఆ ఇంటికి, అక్కడి నుంచి దాని ముందు ఇంటికి: ఈ తామరల గడప మీకు ఎవరి ద్వారా తెలిసింది, ఏ ఊరు, ఏ వీధి. వెతకడానికి అదొక్కటే దారి, ఇల్లిల్లూ తట్టుకుంటూ పోవడం. విల్లివాక్కం నుంచి జవాబు వచ్చింది, మాకు తెలియదు, ఫలానా వాళ్ళను అడగండి అని. ఆ ఫలానా వాళ్ళింట్లో ఇంకా ఎవరూ లేచినట్టు లేదు, గడప బోడిగా ఉంది.

నేను ఆ మసకనే చూస్తూ కూర్చున్నాను. తుడుస్తోంది. ఆగింది. మళ్ళీ మెల్లగా తుడిచింది.

"కళ్ళు తిప్పొద్దు పంకజం," అంది అమ్ములక్క. "చెరపతా ఉండేదాకా బతికే ఉండారు. అమ్మాయ్, నువ్వు అడగతా ఉండు, ఆపొద్దు."